వినబడింది

వారానికి ఒక్క సెలవు నాకు, కేజీహెచ్ వార్డులో.
ఆ ఒక్కరోజూ నాలుగున్నరకి లేచి
పిట్టల కోసం పోతానంటే
మా అత్త తలుపు గడియ తీస్తుంది, ఏమీ అనదు.
అనకపోవడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

మే నెల. సముద్రం పక్కనే ఉంది, గాలి లేదు.
హనుమంతవాక సిగ్నలు దగ్గర
లోకనాథం గారు అప్పటికే నిలబడి ఉంటారు.
పోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేను తోలిన మనిషి.
మెడలో దుర్భిణి, సంచిలో మజ్జిగ సీసా,
చొక్కా జేబులో అట్ట ఊడిన నోటుబుక్కు.
జిలానీ సైకిలు మీద వస్తాడు, ట్యూషనని చెప్పి.
వేసవి సెలవుల్లో ట్యూషనేమిటని
వాళ్ళమ్మకింకా తోచలేదు.

కంబాలకొండ అంచున జీడితోట దాటితే
చెప్పుల కింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతాయి.
జెముడుకాకిని చూసి ఆగం. పికిలిపిట్టల్ని రాయం.
నెమలి అరిస్తే "ఊఁ, తెలుసులే" అంటాడు జిలానీ దానితో.
రోజూ కనబడేవాటికి, పాపం, సిరా దొరకదు.

మాక్కావలసింది పొన్నంకి పిట్ట.
ఒంటిమీద తొమ్మిది రంగులంటారు.
బొమ్మలో జిలానీ ఏడే లెక్కపెట్టాడు,
మిగతా రెండూ చూసినవాళ్ళకేనట.
అది నేలమీద నడుస్తుంది, ఆకులు తిరగేసుకుంటూ,
చిల్లర పడేసుకున్న మనిషిలా.
మేం మూడు వేసవులుగా పైకి చూస్తున్నాం.

వాక్కాయలు కోస్తూ ఎర్రయ్యమ్మ ఎదురైంది.
"ఏటి బావూ, ఏటి పడిపోనాది?"
బొమ్మ చూపించాం.
చెయ్యి చీరకి తుడుచుకుని మరీ అందుకుంది.
"ఇంత సోకుంటాదేటి! నానెప్పుడూ సూడనేదు.
రెండు ముక్కల ఈలేస్తాది, అదే గదా?
నానైతే డూటీ పిట్టంటాను.
తెల్లారి ఓపాలి, మాపిటేళ ఓపాలి, మజ్జిన నోరిప్పదు.
కంటపడాలంటే దానికీ తీరికుండాల, నాకూ తీరికుండాల."

ఆవిడ వెళ్ళాక జిలానీ ఊరికే ఉండలేక
పెదాలు ముడిచి ఈల వేశాడు, అచ్చం అలాగే.
నేను ఉలిక్కిపడి తిరిగాను.
లోకనాథం గారు తిరగలేదు.
చీమల పుట్టని చూస్తున్నారు, ప్రశాంతంగా.
వాడు మళ్ళీ వేశాడు. మళ్ళీ.
నవ్వు వాడి మొహం మీంచి మెల్లగా దిగిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు, ఇనుము మీద ఇనుము.
అలాంటి చెవుల పరీక్ష కాగితాలు చాలా చూశాను నేను.
గీత బాగానే నడిచి నడిచి
కుడి చివర కొండమీంచి కాలు జారినట్టు పడిపోతుంది.
సన్నని శబ్దాలన్నీ ఆ లోయలో.
మరి ఆ నోటుబుక్కులో, మూడు వేసవుల్లో, పదకొండుసార్లు:
"పొన్నంకి పిట్ట. వినబడింది."
ఎవరికో రాయలేదు.
తెలుగులో ఆ వెసులుబాటుంది,
వినబడింది అంటే చాలు,
చెవి ఎవరిదని వాక్యం నిలదీయదు.

అప్పుడు నిజంగానే కూసింది.
గెడ్డ అవతల వెదురు పొదలో,
ఎవరో పక్కింటివాళ్ళని పిలవబోయి మానుకున్నట్టు.
నేను చూపుడువేలు ఎత్తాను.
ఆయన పొద వైపు చూడలేదు, నా వేలినే చూశారు,
ఎత్తున క్రేను గదిలోంచి
కింద జెండా ఊపే కుర్రాణ్ణి చూసినట్టు.
వేలు దించేదాకా చూశారు.
తర్వాత పెన్ను క్యాపు తీశారు.

కనబడలేదు.
ఏడున్నరకే ఎండ పళ్ళు బయటపెట్టింది.
మజ్జిగలో ఉప్పెక్కువైంది, అయినా తాగేశాం.
బస్టాపులో, లారీ హారన్ల మధ్య,
ఎవర్నీ చూడకుండా అడిగారు:
"అదెలా ఉంటుందమ్మా?"

నేను మాట వెతుక్కునేలోగా
జిలానీ సైకిలు స్టాండు వేసి
ఆయన అరచెయ్యి లాక్కున్నాడు.
వేలితో గీశాడు, పొడుగ్గా ఒకటి, పైకి,
పొట్టిగా ఒకటి, కిందికి.

"మళ్ళీ," అన్నారాయన.

బస్సొచ్చింది. మేమిద్దరం ఎక్కలేదు.