దిగుడు పాట

మాల్పికా రేవులో చేపల పాట పైకి ఎక్కదు, కిందికి దిగుతుంది.
ఎనభై, డెబ్భైతొమ్మిది, డెబ్భైఎనిమిది,
ఎవరో ఒకరు "నాది" అని అరిచేదాకా.
మా అక్క దోసిండా
ఎనభై నుంచి ముప్ఫైకి ఒక్క ఊపిరిలో దిగేది.
నేను పెట్టెల మీద ఐసు చల్లేవాణ్ణి.

మొదట జారింది ఎడమ రెప్ప.
సాయంత్రాలు ఒక్క పడవే రెండై లంగరు వేసేది.
రొట్టె నమిలి నమిలి, దవడను చేత్తో పట్టుకుని
"పొద్దున బాగానే ఉన్నానుగా" అనేది ముక్కుతో.
నరం పంపిన మాట కండకు చేరకుండా
తన రక్తమే దారి కాస్తోందట.

మార్చిలో రొమ్ము ఎముక కోసి
గుండె మీది గ్రంథిని తీశారు.
గుణం కనపడటానికి ఏళ్లు పట్టొచ్చన్నారు.
పదకొండో రోజుకి కాఫీ కప్పు ఎత్తలేకపోయింది.
కుట్లు మాత్రం చక్కగా మానాయి.

అక్టోబరులో ఫ్లూ టీకా.
నాలుగో రోజు మెడ నిలవలేదు.
సూదా? ముందు వారం పట్టిన జలుబా?
లేక ఊరికే, దాని వేళ అదొచ్చిందా?
"చెప్పలేను" అంది డాక్టరు ఇరియా.
"అసలు ఫ్లూయే వచ్చుంటే ఏమయ్యేదో మాత్రం చెప్పగలను."
నాకు ఒక దోషి కావాలి.
అక్కకి ఇంకో దిండు కావాలి.

ఆ రాత్రి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చెప్పమన్నారు.
ఒకటి, రెండు... జీవితమంతా దిగిన నోరు
మెట్టు మెట్టుగా ఎక్కి
తొమ్మిది దగ్గర ఆగింది.

మా రేవులో లెక్క ఆగిందంటే
ఎవరో కొన్నారని.
వెనక్కి తిరిగి చూశాను.
గుమ్మంలో ఊపిరి యంత్రం తోసుకొస్తున్న కుర్రాడు,
అంతే.

ఎవరెవరి నెత్తుటి తేటో
ఐదు రోజులు చుక్కచుక్కగా ఎక్కింది.
ఎక్కించినవాళ్లకీ తెలియదు అవి ఎవరివో.

ఇప్పుడు రేవులో తెర పెట్టారు.
అంకెలు గొంతు లేకుండా దిగుతున్నాయి.
అక్క వంటింట్లో, మాత్ర పడ్డ నలభై నిమిషాలకి,
గ్యాసు పొయ్యికేసి చూస్తూ మొదలెడుతుంది:
ఎనభై, డెబ్భైతొమ్మిది...
ఒకరోజు అరవైరెండు. ఒకరోజు యాభైఎనిమిది.
ఆ చివరి అంకె రాకముందే,
తనలో ఇంకా కాస్త గాలి ఉండగానే
నేను "నాది" అని అరుస్తాను.

రెప్ప వేలితో పైకెత్తి నన్ను చూస్తుంది,
ఇద్దరు నన్నుల్లో ఏదో ఒకణ్ణి.
"దండగమారీ,
ఎక్కువకి కొన్నావురా."