తోడు

రెండు దాటాలి, మూడు దాటకూడదు.
ఈ వారం నా నెత్తురు లెక్క రెండు పాయింట్ ఏడు.
నర్సు మార్గిట్ ఫోనులో చెబుతుంది,
నేను పందెం గెలిచినట్టు నవ్వుతాను.

మా దగ్గర పందేలు మామూలే.
టోర్నే నదిమీద మంచు ఏ రోజు, ఏ గంటకి పగులుతుందో
ఏటేటా కొట్టు దగ్గర డబ్బాలో చీటీలు వేస్తాం.
నిరుడు నాలుగు గంటల తేడాలో ఓడిపోయాను.
నా ఒంట్లో గడ్డ గురించి మాత్రం
ఎవరూ చీటీ వెయ్యలేదు.

బస్సు తోలుతాను, పాయలా నుంచి హపరండా దాకా.
కూర్చుని చేసే పని.
పిక్క బరువెక్కితే బూటు బిగుతనుకున్నాను.
మూడో రోజు ఊపిరి సగంలో ఆగింది.

డాక్టరు కాగితంమీద గళ్ళూ సున్నాలూ గీసి
అడుగుతూ అడుగుతూ కొన్నిటిని నల్లగా దిద్దాడు.
మామ్మ ఔనే. నాలుగో కాన్పయిన పన్నెండో రోజు
కాలు తెల్లగా ఉబ్బి పోయింది.
పాలు కాల్లోకి దిగాయంది మంత్రసాని.
పాలకాలు అని చర్చి పుస్తకంలో రాసుంది.
వాల్తెర్ మావయ్య, కట్టెలు కొడుతూ కొడుతూ.
గుండె అనుకున్నాం.
అమ్మకి నిలవని మూడు కడుపులు.
వాటి గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.
వేరువేరు ఏడుపులనుకున్నవన్నీ
ఒక్క పెన్సిలు కిందికి వచ్చాయి.

మామ్మ ఇంకోటి కూడా ఇచ్చిపోయింది.
మా వైపు పెరుగు తీగ సాగుతుంది,
చెంచా ఎత్తితే పడవతాడులా వేలాడుతుంది.
ఆ తోడుని నారగుడ్డకి పూసి ఆరబెట్టి
పెళ్ళిపెట్టెలో మడిచి తెచ్చుకుందట.
ఆమె నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు.
గుడ్డ ఒక్కసారి పాలలో నానిందా,
తెల్లారేసరికి గిన్నెంతా తోడుకుంటుంది.
ఏది తోడుకోవాలో, ఏది కూడదో
ఒంటికి ఎవరు చెబుతారు?

అందుకని సాయంత్రం ఆరింటికి నీలి మాత్ర.
వసంతంలో దురదాకు పులుసు వారానికొక్క గిన్నె,
ఎక్కువైతే మాత్ర ఓడుతుంది.
చాకు తెగితే తువ్వాలు ఎర్రబడేదాకా నిలబడి చూడటం.
ప్రతి స్టాపులోనూ దిగి బస్సు చుట్టూ రెండు చుట్లు.
ముసలి ఏర్కీ అద్దంలోంచి అరుస్తాడు,
"చక్రాల్లో గాలుందా, వీనో?"
"నా పిక్కల్లో కూడా ఉంది."

సోమవారం సైమీ ఫలితం వచ్చింది.
తనకి మూడో నెల. ఇక రోజూ పొట్టలో సూది.
ఫోనెత్తేసరికి క్షమాపణ నోటిదాకా వచ్చింది.
ఏమని చెప్పను,
నా బుగ్గసొట్ట ఇచ్చాను, మొండితనం ఇచ్చాను,
పక్కనే ఇది కూడా ఉంది, చూడలేదు అననా?
తను మాట్లాడనివ్వలేదు.
"అమ్మా, నా తోడు చెడిపోయింది.
ఆసుపత్రిలో నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోలేదు.
ఒక్క చెంచా పంపవా?"

ఇవాళ నా సీటు పక్కన
మఫ్లరు చుట్టిన గాజు సీసా.
కుదపకూడదు, ఇంకా పేరుకుంటోంది.
గతుకు వచ్చినప్పుడల్లా
నిద్రపోతున్న పిల్లకి వేసినట్టు చెయ్యి అడ్డం వేస్తున్నాను.
ఎడమపక్కన నది బూడిదరంగు తిరిగింది, పగల్లేదు.
నా చీటీ మే తొమ్మిది, మధ్యాహ్నం రెండు.

పెల్లో స్టాపు.
బ్రేకు వేసి దిగాను.
సీసా కదలకుండా కూర్చుంది,
నేను నడుస్తున్నాను.