కళావరు ఏడు

ముబీన వాళ్లన్న ఆటోల
వెనక సీటు కింద దొరికిన పత్తాల కట్ట ఇది.
ఖర్చు సున్న.
మా చదువుల పైస పడకుండ వచ్చింది
ఇదొక్కటే.

నయీంనగర్ హాస్టల్, రెండో అంతస్తు,
నీళ్ల ట్యాంకు పక్క గది.
స్టాటిస్టిక్స్ రికార్డు వెనక పేజీల రాసుకున్న:
రెండు నుంచి ఆరు దాక ఏది పోయినా ఒకటి కలుపు.
పది, జాకీ, రాణి, రాజు, ఆసు పోతే ఒకటి తియ్యి.
ఏడు, ఎనిమిది, తొమ్మిది,
చూసి వదిలెయ్.
కట్ట ఒడిసేసరికి సున్న రావాలె.
రాకపోతే నీ మనసు ఇంకెక్కడనో ఉన్నట్టు.

మొదటి రాత్రి డెబ్బై సెకండ్లు. చివరికి మూడు మిగిలింది.
మనసు మెస్సు బాకీ కాడ ఉండె.

ముబీన పంచుతది. షరతు ఒక్కటే:
"పైసల మాట రావొద్దు. వస్తే హరాం, నేను లేస్త."
అందుకని చింతగింజలు పెట్టి ఆడినం.
నెల తిరిగేసరికి ఆమెకు నేను
నాలుగు వందల గింజలు బాకీ.
శిరోమణి గోడకానుకొని పల్లీలు ఒలుసుకుంట
పత్తాకు పత్తాకు నడుమ అడుగుతది:
"పరకాల ఆఖరి బస్సు ఎన్నిటికే? రేపు కూరేంది?
పదిహేడు ఆర్లు ఎంత?"
ఆమె పని అదే, లెక్క చెడగొట్టుడు.
అసలు బల్లల కాడ గూడ అట్లనే మాటల వెడతరట.

ఆదివారం కాజీపేట వంతెన మీద నిలబడి
బొగ్గు గూడ్సు లెక్కపెట్టిన.
యాభై ఎనిమిది డబ్బాలు.
పక్కన శిరోమణి మిర్చీల కాడ బేరమాడుతున్నా
యాభై ఎనిమిదే.
ఆ రాత్రి ఇరవై ఆరు సెకండ్లు, సున్న!
ముగ్గురం ఎగిరినం.
కింది గదోళ్లు చీపురుకట్టెతోని కప్పు పొడిచిండ్రు.

అప్పుడు అసలు లెక్క ఏసినం.
ఆడాలంటే గోవల నది మీద పడవెక్కాలె.
నా టిఫిన్ డబ్బల మూడు వేల నూట నలభై.
రైలుకు పోను, పడవకు పోను
మిగిలేది ఒక్క చెయ్యికి సాలదు.
ఇంత నేర్సుకుంటే దక్కేది
వందకు ఒక్క రూపాయి. అదీ
వేలసార్లు ఓడి గూడ కూసునేటోళ్లకు.
ఓడుడు తట్టుకున్నోనికే గెలుపు అని
సూత్రం గూడ ఒప్పుకుంటది, గ్రీకు అక్షరాలల్ల.
ముబీన నవ్వింది: "వందకు రూపాయా?
చిల్లర లేదని మా అన్న అంతకన్న ఎక్కువే వదిలేస్తడు."

తర్వాత ఒకనాడు, కరెంటు లేని పూట,
ఊరికెనే పత్తాలు రంగులవారిగ పరిచి చూసిన.
యాభై ఒకటి.
కళావరు ఏడు లేదు.
మొదటి నుంచీ లేదు.
ఇన్ని రాత్రులు, ఇన్ని సార్లు లెక్కపెట్టి
సున్న వచ్చిందని ఎగిరినం.
ఏడు ఉన్నా సున్ననే, లేకున్నా సున్ననే.

డిసెంబర్ల శిరోమణి పరకాల పోయింది.
ఫీజు పైసలు రాలేదు, కాలేజీ ఆగలేదు.
బట్టల షాపుల కూసుంటున్నదట,
ఎవరూ కొనని చీరెలు మళ్ల మడతపెట్టుకుంట.
వారం తిరగకముందే ఆ మంచం మీద
ఎవరిదో కొత్త ట్రంకుపెట్టె.
రాత్రి వార్డెన్ మేడం టార్చి ఏసి చూసింది.
"గదికి ముగ్గురు. సరిపోయింది."
తలుపు దగ్గరికేసి పోయింది.

నిన్న, శిరోమణి మర్సిపోయిన నోటుబుక్కు అట్ట కత్తిరించి
నీలి పెన్నుతోని కళావరు గీసిన,
ఏడు సార్లు. వంకర వచ్చినయ్.
ఒకటైతే మరీ లావు.
ముబీన కట్ట కలుపుతాంటె
అట్ట మందానికి
ఆ ఒక్క పత్తా కాడ వేళ్లు ఆగుతున్నయ్.
"దీంతోని ఎక్కడా ఆడనియ్యరు," అన్నది,
"వెనకనుంచే తెలిసిపోతది, ఏడని."

పంచమని చెప్పిన.