ట్రైపాడ్ కాళ్లు

నా పని ఇచ్చుకోవడం, పుచ్చుకోవడం.
కార్న్‌వాల్‌లో ఓ కాలేజీ, మెట్లకింద గది,
పద్నాలుగు కెమెరాలు, ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను.
సినిమా నేనెప్పుడూ తీయలేదు.
తిరిగొచ్చిన ట్రైపాడ్ల కాళ్లు తుడుస్తాను, అంతే.

కాళ్లు చూస్తే కథ తెలిసిపోతుంది.
ఇసుకైతే ప్రేమ.
కార్ పార్కు కంకరైతే నేరం.
పైన్ ఆకులూ తడి బురదా అయితే
అక్టోబరొచ్చింది, హారర్ మొదలైందని.

ట్రెంబాత్ టీచరు బోర్డు మీద రాస్తుంది:
ఒంటరి పిల్ల. జనానికి దూరం.
ముందు చప్పుడు, తర్వాతే మనిషి.
కెమెరా నేలబారున. తలుపు సగమే తెరవాలి.
పిల్లలు పొల్లు పోకుండా ఎక్కించుకుని
కాలేజీ వెనక అడవికి పరుగు.
ఇరవై ఏళ్లుగా ఒకే చోట
తెల్లగౌన్లు వెనక్కి చూస్తూ పరిగెత్తి పరిగెత్తి
అక్కడ కాలిబాట పడింది.
జింకలు తొక్కిన దారనుకుని
కౌన్సిల్ వాళ్లు బోర్డు కూడా పాతారు.

"మళ్లీ ఆ అడవేనా" అని నవ్వేవాణ్ణి.
టీ కప్పు కింద పెట్టి ట్రెంబాత్ అంది ఒకసారి:
"చీకట్లో మెట్లు దిగేటప్పుడు, డెన్జిల్,
ఇంకో మెట్టుందనే కదా కాలు వేస్తావు.
లేదని తెలిసేది వేశాకే."
నాకు అర్థం కాలేదు. బిస్కెట్టు మాత్రం బాగుంది.

కెరెన్సా నవంబరులో వచ్చింది.
మాట తక్కువ, అరచేతి నిండా పెన్ను గీతలు.
రిజిస్టర్లో 'ఎక్కడ' అన్న గడిలో
అడవి, అడవి, అడవి కింద
'ఇంట్లో' అని రాసింది.
ఎన్నింటికి తీస్తావన్నాను.
"నాలుక్కి. తెల్లారకముందు."

తిరిగొచ్చిన కాళ్లకు బురద లేదు.
కార్పెట్ పీచు, నల్లటి బూట్ పాలిష్.

చూపించే రోజు వెనక నిలబడ్డాను,
ప్రొజెక్టరు మొరాయిస్తే ఎవరో ఒకరుండాలి కదా.
చీకటి. నేలబారున మెట్లు.
పైన చెక్క కిర్రుమంది.
ఆగింది.
మళ్లీ కిర్రుమంది.
గోడ మీద నీడ, మనిషికన్నా పెద్దది.
ముందు వరుసలో పాస్కో పక్కవాడి చొక్కాచెయ్యి పట్టుకున్నాడు.
బోర్డు మీదివన్నీ ఉన్నాయి, ఒక్కటీ వదల్లేదు పిల్ల.
అందరి గొంతుల్లో కేక సిద్ధంగా ఉంది.

సగం తెరిచిన తలుపులోంచి వచ్చాడు
పైజమాలో ఓ ముసలాయన,
ఎడమ బూటు కుడి కాలికి,
చంకలో టిఫిన్ డబ్బా.
కెమెరా వైపు చూసి అడిగాడు:
"షిఫ్టు కూత కూసిందా అమ్మాయ్? నాకు వినపడలేదు."
ఆ గని మూతపడింది ఈ పిల్ల పుట్టకముందు.
కెమెరా వెనకనుంచి చిన్న గొంతు:
"ఇవాళ సెలవు, తాతయ్యా."
"అలాగా" అన్నాడాయన. మెట్టు మీద కూచుని
బూటు విప్పబోయాడు.
ముడి ఊడదు.
బొమ్మ అక్కడే ఆగిపోయింది.

గొంతుల్లో కేకలకి
ఎటు పోవాలో తెలియలేదు.
ఎవరో నవ్వబోయి దగ్గారు.
లైటు వెయ్యాల్సింది నేను, మర్చిపోయాను.
కాలు
లేని మెట్టు మీద పడింది.

బయటి పరిశీలకుడు
'ఏ కోవదో స్పష్టత లేదు' అని నాలుగు మార్కులు కోశాడు.
ట్రెంబాత్ మూడు ఉత్తరాలు రాసింది.
మార్కులు రాలేదు.

మరుసటేడు
నాలుగు బృందాలు 'ఇంట్లో' అని రాశాయి.
నాలుగింటా మెట్లే, నాలుగింటా తాతలే.
తాతల్లేని ఇద్దరు పక్కింటాయన్ని
రెండు పాస్టీలిచ్చి తెచ్చుకున్నారు.
ఆయన మరీ ఎక్కువ నటించాడట.
ట్రెంబాత్ తన బోర్డు మీద, అడుగున,
ఇంకో పంక్తి చేర్చింది:
భయం చివర్లో మనవాడైపోవచ్చు.
పిల్లలు పొల్లు పోకుండా ఎక్కించుకున్నారు.
పాలిష్ తుడవలేక నా స్పిరిట్ సీసా అయిపోయింది.

అడవి దారి మీద గడ్డి మొలిచింది.

నిన్న ఓ కుర్రాడొచ్చాడు, కాడర్ అట.
ఎక్కడ తీస్తావన్నాను.
"వెనక అడవిలో.
అక్కడేదో పాత దారుందట సార్,
ఎవరు నడిచారో ఎవరికీ తెలీదట."

దారం చిక్కు తీసి
పెన్ను అందించాను.