ఏడో ప్రశ్న

శనివారం పొద్దున. లేవార్డెన్‌లో వాన.
సూపర్‌మార్కెట్ గుమ్మంలో, తడి గొడుగుల డబ్బా పక్కన నేను.
మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్,
గంటకి పదమూడు యూరోలు.

మొదటి ఆరూ వయసు, వీధి, ఇంట్లో ఎందరు, అంతే.
ఏడోది అడిగేటప్పుడు మాత్రం
నా గొంతు దానంతటదే మెత్తబడుతుంది:
మీరు తినే కోడి ఎలా బతికిందన్నది
మీకెంత ముఖ్యం?
ఒకటి నుంచి పది దాకా చెప్పండి.

తొమ్మిది, అంది బిడ్డ బండి ఊపుతూ ఫ్రౌకే.
పది, అన్నాడో పొడుగాటి కుర్రాడు
ప్రశ్న పూర్తవనివ్వకుండానే.
ఎనిమిది. పది. మళ్ళీ పది.
పదకొండు గంటలకల్లా నా తెర మీద
కోళ్ళకి కైలాసం కట్టేశాం.
ఎండ, గడ్డి, మట్టిలో పొర్లాట,
ఎక్కి కూర్చోడానికో కొయ్య.

నేను నిలబడ్డ చోటికి చల్లపెట్టె కనిపిస్తుంది.
పై అరలో మూడు నక్షత్రాల కోడి,
దాని కింద రెండు, ఆ కింద ఒకటి.
అడుగున, చుక్కన్నది లేని రాత్రి.
ఫ్రౌకే చెయ్యి పైన ఆగింది.
ధర చదివింది.
మెల్లగా మెట్లు దిగింది.
బయటికి పోతూ నన్ను చూసి
పాకెట్ మీదికి ఉల్లికాడలు జరిపింది.

మాటలు కోటలు దాటాయి, మావి.
కాళ్ళు గడప దాటలేదు, వాటివి.

ఐదేళ్ళ యూరె వాళ్ళమ్మ కోటు లాగుతున్నాడు:
"కోడి ఏం బాగా చేసిందని
మూడు నక్షత్రాలిచ్చారు?"
ఆవిడ నావైపు చూసింది.
నేను టాబ్లెట్ వైపు చూశాను.

వోప్కే ముసలాయన అంకె చెప్పలేదు.
"ఇరవై రెండేళ్ళు కోళ్ళు పట్టాను, రాత్రిళ్ళు.
నీలం దీపం వేస్తే వాటికి కళ్ళు కనపడవు.
ఒక్కో చేతికి మూడు, కాళ్ళు పట్టి, తలకిందులుగా.
రొమ్ము బరువుకి లేవలేనివి కొన్ని
కూర్చున్నచోటే నాకోసం చూసినట్టుండేవి.
నీకు తెలుసా,
లారీ ఎక్కేనాటికీ అవి కొక్కొక్కో అనవు.
ఒళ్ళు పెట్టది, గొంతు ఇంకా పిల్లది.
కిచ్, కిచ్."

ఎంత వెయ్యమంటారు, అన్నాను.
"ఏడో ప్రశ్నకి ఏడు వేసుకో."
వెళ్ళి అడుగు అరలోంచి
పసుపు చీటీ అంటించిన పాకెట్ తీశాడు,
ఈ రాత్రితో గడువు తీరేది.
దాని మీద ఏదీ కప్పలేదు.

నాలుగింటికి నా పని అయిపోయింది.
నూట పన్నెండు మంది, సగటు ఎనిమిదిన్నర.
నన్నెవరూ అడగలేదు. అడిగితే
తొమ్మిదనేదాన్ని, తడుముకోకుండా.
ఆకలేస్తోంది. సోమవారం అద్దె కట్టాలి.
క్యాషియర్ పిల్ల నా మొహం చూడకుండా
రెండు తొడల పాకెట్‌ని గాజు మీద జరిపింది.

కిచ్, అంది యంత్రం.