అంతరాయం

పెద్దల సభలో నా కుర్చీ అందరికంటే కిందిది.
అయిదేసి నిమిషాల వంతు.
పెన్సిలు చెక్కుకుని కూర్చుంటాను,
మాట పడ్డచోటల్లా ఒక గీత.
హైదరాబాదులో పదేళ్లు గీశాను, ఇక్కడ తొమ్మిది.
గుంటూరులో ఏడింటి బస్సెక్కితే
తాడికొండ దాటాక, పొలాల మధ్య సభ.

మూడో వరసలో చివరి కుర్చీ గుడిమెట్ల సువార్తమ్మది.
ఆమె కంటే ముందు ఆమె దగ్గు లేచేది.
మిర్చి యార్డులో ఇరవయ్యేళ్లు తొడిమెలు తీసిన దగ్గు.
మా లిపిలో దగ్గుకి గుర్తు లేదు.
అందుకే అచ్చయిన సంపుటాల్లో
ఆమె ఎప్పుడూ శుభ్రమైన గొంతుతోనే మాట్లాడుతుంది.

మొదట అడిగింది కూలి సంగతి.
"అధ్యక్షా, టిక్కీ మోసినాయనకో రేటు,
కింద కూర్చుని కాయ గిల్లినామెకో రేటు.
మోతకి బరువుంది, ఒప్పుకుంటా.
మంటకి తూకం ఎవరేస్తారు?"
మంత్రిగారు లేచి, పరిశీలనలో ఉందన్నారు.

ఆ మాటకి మాకు ఒకటే గీత.
కొక్కెంలా కిందికి దిగి, కొసన చిన్న సున్న.
రోజుకి నలభైసార్లు రాసి రాసి
నిద్రలో కూడా రాయగలను.

ఇంకోసారి, జైల్లో ఉన్న కుర్రాడు.
సంగడిగుంట వాడు, సెల్‌ఫోను దొంగతనం కేసు.
బెయిలొచ్చి పధ్నాలుగు నెలలు,
మనిషి మాత్రం బయటికి రాలేదు,
పదివేల జామీనుకి సంతకం పెట్టే
సొంతిల్లున్నవాడు ఒక్కడూ దొరక్క.
"న్యాయం వచ్చిందధ్యక్షా, గేటు దగ్గరే ఆగింది.
దానిక్కూడా ఇంటి పన్ను రసీదు కావాలంట."
ఎవరో నవ్వారు. నవ్వులు, అని రాశాను.
నవ్విందెవరో రాయలేదు. అది పద్ధతి కాదు.

ఒకటి మాత్రం జరిగింది, చెప్పాలి.
యార్డులో ఆడవాళ్లకి మరుగుదొడ్డి కట్టారు.
తాళం కూడా వేశారు.
తాళంచెవి ఎవరి దగ్గరుందన్న ప్రశ్న నంబరు నాకు గుర్తుంది,
జవాబు రాసిన గుర్తు లేదు.

డ్రైనేజీలోకి దిగి పైకి రాని ఇద్దరి పేర్లు
చదువుతున్న రోజు, గంట మోగింది.
సమయం అయిపోయిందమ్మా, కూర్చోండి.
కూర్చోలేదు. రెండో పేరు సగంలో ఉంది.
మైకు ఆగింది.
నా వంతే అది.
రెండు బారల దూరంలో ఆ నోరు కదులుతోంది,
నా చెవికి చేరుతోంది కూడా.
మైకులో పడనిది మాట కాదని మా రూలు.
అంతరాయం, అని రాశాను,
ఒక్క అక్షరం తప్పు పోకుండా.

తలారి, అని ఇంటిపేరు పుస్తకంలో ఉంది.
యోబు, అన్నది నా దగ్గరే ఉండిపోయింది.
పెళ్లాలూ పిల్లలూ లేని లైబ్రరీ బీరువాలో
అతను సగం, నాలో సగం.

ఆరేళ్లు నిండాక ఆమెని మళ్లీ ఎవరూ నిలబెట్టలేదు.
నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు.

మొన్న ఏప్రిల్లో
ఏడాది కారానికి ఎనిమిది కిలోల కాయ కొన్నాం.
తొడిమెలకి దీనమ్మ వచ్చింది.
బ్రాడీపేటలో మా మేడ మీద గోనె పరుచుకుని,
పైట ముక్కుకి చుట్టుకుని, పొద్దుటినించీ.
కింద పేపరు చదువుకుంటుంటే దగ్గు వినిపించింది.
రాసుకోవాలనిపించింది, దేంతో రాయను?

సాయంత్రం చేతులు మజ్జిగలో ముంచుకుని
"కిలోకి అయిదు రూపాయలు పెంచండి అయ్యా" అంది.
మా ఆవిడ నా వంక చూసింది.
అన్నేళ్లు అక్కడ కూర్చున్నవాణ్ణి కదా, నాకు తెలుస్తుందని.
"చూద్దాంలే" అన్నాను.

అని, కిందికి చూసుకుంటే
మోకాలి మీద నా చూపుడువేలు
దానంతటదే
కొక్కెంలా దిగి
కొసన సున్న చుడుతోంది.