గొంతుకి గడి లేదు

పర్లాకిమిడిలో మూడొందల ప్రతులు వేయించాను.
సొంత కథ, సొంత అట్ట, అప్పు మాత్రం చెల్లెలిది.
నవల ధర నూట ఇరవై.
ఏడాదికి ఎనభై తొమ్మిది పోయాయి,
అందులో పదకొండు వానకి.

సైకిల్ రిపేరు లోకనాథం ఒకటి కొన్నాడు.
మర్నాడు దాన్నే పట్టుకొచ్చాడు:
"బళ్ళో ఒడియాయే కదండీ,
మాటొచ్చు గానీ అచ్చరం రాదు. మీరే సదవండి."

రోజూ దుకాణం కట్టేశాక ఓ అధ్యాయం.
లెక్కల పుస్తకంలో కాయితం ఉంది, సిరా ఉంది,
గొంతుకి గడి లేదు.

ఏడో అధ్యాయంలో చెయ్యెత్తాడు.
"మొగుడు పోయిన మనిషి అంత పెద్దమాట ఆడదండి.
అన్నం సల్లారిపోనాది, అంటాది."

ఆ రాత్రి
మిగిలిన రెండొందల పదకొండూ ముందేసుకుని
ఆ ఒక్క వాక్యం కొట్టేసి
చేత్తో రాస్తూ కూచున్నాను.
ఇన్ని అమ్ముడుపోనందుకు
ఎవరికి దండం పెట్టాలో తెలీలేదు.